ఎండకు కొదవ లేదు, నీటికే కొదవ

ఉత్తర తెలంగాణలో ఎండకు కొదవ లేదు. వేసవి వచ్చిందంటే రామగుండం, ఆదిలాబాద్ పేర్లు పత్రికల ఉష్ణోగ్రతల పట్టికలో పై వరుసల్లోనే కనిపిస్తాయి. నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల ఎండ మనకు వార్త కాదు. వార్త కావలసినది మరొకటి ఉన్నది. ఆ ఎండలోనే ఉట్నూరు, నార్నూరు, కెరమెరి గుట్టల మీది గూడేల్లో ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీటిని గిన్నెతో బిందెకెత్తుకుంటారు. మైదానపు పల్లెల్లోనూ, పట్టణాల అంచున ఉన్న బస్తీల్లోనూ నల్లా ముందు బిందెలు వరుస కడతాయి. మన చెరువులను ఎండగడుతున్న ఆ సూర్యుడి శక్తితోనే నేల లోపలి నీటిని పైకి తెచ్చుకునే సాధనం నేడు చేతికందే దూరంలో ఉన్నది. అది అందవలసిన వారికి ఎందుకు అందడం లేదు? అందేలా చూడటానికి మనం చేయవలసినదేమిటి? ఈ నెల మన ముందున్న ప్రశ్న ఇదే.

మైనారిటీ హక్కుల పత్రికకు మంచినీటి బోరుతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. హక్కులంటే రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉర్దూ పాఠశాలలు మాత్రమే కావు. జీవించే హక్కు అన్నింటికన్నా ముందుది. రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన ఆ హక్కులో కాలుష్యం లేని నీరు, గాలి కూడా ఇమిడి ఉన్నాయని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులోనే చెప్పింది. మంచినీరు, పారిశుధ్యం మానవ హక్కులని 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానించింది. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ముస్లింలు అధికంగా నివసించే గ్రామాల్లో బడి, వైద్యం, రోడ్డు వంటి కనీస వసతులు కొరవడుతున్న తీరును లెక్కలతో చూపింది. వసతుల కొరత పేదరికంతో పాటే నడుస్తుంది. నీరు లేని వాడలో ఆడపిల్ల బడి మానేస్తుంది, కూలికి వెళ్లే తల్లి సగం పూట కోల్పోతుంది, వానాకాలం రాగానే ఇంటికొకరు అతిసారంతో మంచమెక్కుతారు. ఇది హక్కుల ప్రశ్న కాకపోతే మరేది హక్కుల ప్రశ్న?

కాగితం మీది నల్లా

ముందుగా జరిగిన మేలును ఒప్పుకోవాలి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండ వద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ చిన్న పథకం కాదు. గోదావరి, కృష్ణా జలాలను శుద్ధి చేసి, గ్రామీణుడికి రోజుకు తలకు 100 లీటర్ల చొప్పున ఇంటింటికీ పంపాలన్నది దాని రూపకల్పన. బోరు నీటిలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన పల్లెలకు నది నీరు చేరడం ఎంత ఊరటో అనుభవించిన వారికే తెలుసు. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్కల్లో తెలంగాణ గ్రామీణ గృహాలన్నింటికీ నల్లా ఉన్నట్టే నమోదై ఉన్నది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లెక్కలో నల్లా ఉండటం వేరు, నల్లాలో నీరు ఉండటం వేరు. ప్రభుత్వ కార్యాలయంలో జీవితకాలం ఫైళ్ల మధ్య గడిపిన వాడికి ఈ తేడా కొత్త కాదు. ఒక గడిలో "పూర్తి" అని రాసిన తరువాత ఆ గడిని తిరిగి తెరిచే అధికారి అరుదు. ఫిర్యాదు పట్టుకుని వచ్చిన మనిషికి "మీ ఊరికి ఇప్పటికే నీళ్లొచ్చాయి కదా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. పైగా ఆ లెక్క చాలాసార్లు పంచాయతీ పేరుతో కనబడుతుంది. పంచాయతీకి ఆనుబంధంగా రెండు మూడు కిలోమీటర్ల దూరంలో గుట్ట మీదున్న కొలాం గూడెం, ఊరి చివర ఇరవై ఇళ్ల ముస్లిం వాడ, కొత్తగా వెలసిన కాలనీ ఆ పేరు వెనుక మరుగున పడిపోతాయి.

గొట్టపు వ్యవస్థకు ఒక స్వభావం ఉన్నది. జలాశయం నుంచి శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి గుట్ట మీది పెద్ద ట్యాంకుకు, అక్కడి నుంచి ఊరి ట్యాంకుకు, చివరకు వీధి నల్లాకు నీరు చేరాలి. ఈ దారిలో ఒక్కచోట పైపు పగిలినా, ఒక్క పంపు ఆగినా, కొన్ని గంటలు కరెంటు పోయినా మొదట ఎండేది చివరి ఇల్లే. మైదానంలో ఒక పూట ఆలస్యమయ్యే నీరు గుట్ట మీద మూడు రోజులు ఆలస్యమవుతుంది. మేము తిరిగిన పల్లెల్లో తరచుగా కనిపించిన మరో సంగతి ఏమిటంటే, నల్లా వచ్చిందన్న ధీమాతో పాత బోరింగులను పట్టించుకోవడం మానేశారు. గొలుసు తెగినా, వాషరు అరిగినా బాగు చేసేవారు లేరు. కొత్తది నిలకడగా రాలేదు, పాతది చేజారింది.

ఆదిలాబాద్ విషయంలో మరో విచిత్రం ఉన్నది. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే నేల ఇది. కుంటాల, పొచ్చెర జలపాతాలు ఇక్కడివే. అయినా మాఘం దాటగానే గుట్టల మీద గొంతులు ఎండుతాయి. పడమటి మండలాల కింద ఉన్నది దక్కను నల్లరాయి. ఆ రాయి నీటిని తాగదు, పగుళ్లలో కొద్దిగా మాత్రమే దాచుకుంటుంది. పడ్డ వాన పడ్డట్టే వాగులోకి జారిపోతుంది. కాబట్టి ఇక్కడి గూడెం నది నీటి మీద మాత్రమే ఆధారపడరాదు. తనకంటూ సొంత ఊట ఒకటి, దాన్ని తోడే సొంత సాధనం ఒకటి ఉండాలి.

సూర్యుడితో నడిచే పంపు

ఆ సాధనం సౌర పంపు. ఇందులో మాయమర్మం ఏమీ లేదు. బోరులో ఒక హార్స్ పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు, దాని పక్కన నాలుగు స్తంభాల మీద సుమారు వెయ్యి వాట్ల సౌర ఫలకాలు, పైన 5,000 లీటర్ల ట్యాంకు, కింద నాలుగైదు నల్లాలు. ఎండ పడినంతసేపు పంపు తిరుగుతుంది, ట్యాంకు నిండుతుంది. బ్యాటరీ అవసరం లేదు. ఎత్తులో నిలిచిన నీరే నిల్వ చేసుకున్న విద్యుత్తు వంటిది. సూర్యుడు అస్తమించిన తరువాత కూడా నీరు తన బరువుతో తానే నల్లాకు దిగుతుంది. కరెంటు బిల్లు లేదు, డీజిల్ ఖర్చు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందన్న బెంగ లేదు.

ఇది ఎంతమందికి సరిపోతుందో వేలు మడిచి లెక్కించవచ్చు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు. రెండు వందల మంది ఉన్న గూడేనికి 11,000 లీటర్లు కావాలి. నీరు యాభై మీటర్ల లోతున ఉన్నా, బోరులో ఊట చాలినంత ఉంటే, మంచి ఎండ కాసిన రోజున అంతటి చిన్న పంపు పది, పన్నెండు వేల లీటర్లు తోడగలదు. అంటే ట్యాంకు రోజుకు రెండుసార్లు నిండితే ఒక గూడెం గొంతు తడుస్తుంది. ఎండ ముదిరిన కొద్దీ నీటి అవసరం పెరుగుతుంది, పంపు పనితనమూ దానితో పాటే నడుస్తుంది. మబ్బు పట్టిన శ్రావణంలో పంపు నెమ్మదిస్తుంది. అందుకే అదే బోరుకు చేతి పంపును కూడా ఉంచే పద్ధతిని మహారాష్ట్రలోని భూగర్భ జల సర్వే సంస్థ రూపొందించింది. దీనినే జంట పంపు పథకం అంటారు. తీవ్రవాద ప్రభావిత జిల్లాల కోసం కేంద్రం చేపట్టిన సమీకృత కార్యాచరణ ప్రణాళికలో ఆదిలాబాద్ మొదటి నుంచీ ఉన్నది, తరువాత కరీంనగర్ కూడా చేరింది. ఆ ప్రణాళిక జిల్లాల్లోని మారుమూల ఆవాసాల కోసమే ఈ జంట పంపులను జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి తోడ్పాటుతో మంజూరు చేశారు. అనగా ఇది మనకు పరాయి ఆలోచన కాదు. మన జిల్లాల పేరుతోనే దస్త్రాలకెక్కిన ఆలోచన.

సౌర విద్యుత్తు మన ప్రాంతంలో ఎంత పెద్ద ఎత్తున సాధ్యమో చూడదలచిన వారు రామగుండం వెళ్లి రావచ్చు. అక్కడి ఎన్టీపీసీ జలాశయం మీద సుమారు 500 ఎకరాల మేర నాలుగున్నర లక్షల ఫలకాలు నీటిపై తేలుతున్నాయి. 100 మెగావాట్ల ఆ కేంద్రం 2022 జులై 1 నుంచి పూర్తి స్థాయిలో పనిచేస్తున్నది. ఫలకాల నీడ వల్ల ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని అంచనా. మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన చూస్తే అది లక్షా అరవై వేల మందికి ఏడాది పొడవునా సరిపోయే నీరు. పరిశ్రమ కోసం పది కోట్ల వాట్ల ఫలకాలను నీటి మీద తేలించగలిగిన చోటనే, గుట్ట మీది గూడేనికి వెయ్యి వాట్లు దొరకకపోవడానికి సాంకేతిక కారణం లేదు. కొరవడినది శ్రద్ధ మాత్రమే.

పైకి వచ్చిన నీరంతా మంచినీరు కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సౌర పంపు నీటిని పైకి తెస్తుంది, శుద్ధి చేయదు. ఈ తేడాను మరచిన చోట ఎంత ప్రమాదం జరిగిందో పొరుగున ఉన్న బంగ్లాదేశ్ చరిత్ర చెబుతుంది. చెరువు నీటి వల్ల పిల్లలు అతిసారంతో చనిపోతున్నారని 1970ల నుంచి అక్కడ లక్షలాది గొట్టపు బావులు తవ్వారు. ఉద్దేశం మంచిది. సాయం చేసినవి అంతర్జాతీయ సంస్థలు. అయితే ఆ నీటిలో ఆర్సెనిక్ ఉన్నదేమోనని పరీక్షించలేదు. 1990లలో సంగతి బయటపడేనాటికి కోట్లాది మంది ఏళ్ల తరబడి విషపు నీటిని తాగారు. చల్లగా, తేటగా, రుచిగా ఉన్న నీరు ఆరోగ్యకరమని నమ్మడం వల్ల వచ్చిన అనర్థమది.

మన నేలలో ఆర్సెనిక్ బదులు ఫ్లోరైడ్ ఉన్నది. కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్ నేలల్లో లోతుకు వెళ్లిన కొద్దీ దాని భయం ఉంటుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకు మించరాదు, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. పత్తి చేలకు ఎరువులు కుమ్మరించే చోట, మురుగు కాలువ పక్కన బోరు వేసిన చోట నైట్రేట్ చేరుతుంది. దానికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది దాటిన నీటితో పాలు కలిపి పడితే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. ఇవేవీ కంటికి కనబడవు, మరిగిస్తే పోవు. సూక్ష్మజీవుల సంగతి వేరు. ట్యాంకును పదిహేను రోజులకోసారి కడిగి, క్లోరిన్ సరైన మోతాదులో కలిపితే వాటి బెడద తీరుతుంది.

కాబట్టి బోరు వేసిన తరువాత మొదటి పని ప్రారంభోత్సవం కాదు, నీటి పరీక్ష. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో పరీక్ష చేయించుకోవచ్చు. ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు పరీక్షా కిట్లతో శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ నిబంధన చెబుతున్నది. మీ ఊరిలో ఆ ఐదుగురు ఎవరో, కిట్టు ఎవరి ఇంట్లో ఉన్నదో కనుక్కోండి. జవాబు రాకపోతే అడగవలసిన మొదటి ప్రశ్న దొరికినట్టే. ఆ ఐదుగురిలో మన ఆడపడుచు ఒకరుండాలని కోరండి. ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న బోరును తాగడానికి కాకుండా వాడకానికి కేటాయించి, తాగే నీటికి భగీరథ నల్లాను పట్టుబట్టి సాధించడమే క్షేమం.

పంపు ఆగిన రోజున

అభివృద్ధి చెందుతున్న దేశాలన్నింటా నీటి పథకాలు చచ్చిపోయే తీరు ఒకటే. ఆఫ్రికాలోని ఇరవై దేశాల సమాచారాన్ని పోల్చి చూసినప్పుడు చేతి పంపుల్లో మూడో వంతుకు పైగా పనిచేయడం లేదని తేలింది. అవి తవ్వినప్పుడు నీరు లేక కాదు. బాగుచేసే మనిషి, విడిభాగం, కొద్దిపాటి డబ్బు ఒకే వేళకు ఒకే చోట దొరకక అవి ఆగిపోయాయి. సౌర పంపుకూ ఇదే గండం. ఫలకం పాతికేళ్లు పనిచేస్తుంది గాని దాని మీద దుమ్ము పేరుకుంటే పనితనం తగ్గుతుంది. నెలకు రెండుమూడుసార్లు తడిగుడ్డతో తుడిచేవారు కావాలి. తరచుగా పాడయ్యేది కంట్రోలర్, తరువాత మోటారు. కొత్తలో అయిదేళ్లు బిగించిన సంస్థే చూసుకుంటుంది. ఆరో ఏట ఎవరు చూస్తారన్నదే అసలు ప్రశ్న.

జవాబు కష్టమైనది కాదు. అరవై ఇళ్ల వాడలో ఇంటికి నెలకు ఇరవై రూపాయలు వేసుకుంటే నెలకు 1,200, ఏడాదికి 14,400, అయిదేళ్లకు 72,000 రూపాయలు పోగవుతాయి. నీళ్ల క్యాను ఒక్కటి కొనే ధరతో నెలంతా నీటికి భద్రత దొరుకుతుందన్నమాట. ఆ డబ్బు ఒకరి జేబులో కాక ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. జమాఖర్చు పుస్తకాన్ని మూడు నెలలకోసారి అందరి ముందు చదవాలి. వితంతువులకు, ఒంటరి వృద్ధులకు చందా మినహాయించాలి. ఇక మరమ్మతు మాటకు వస్తే, రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కళాశాల చదువు రాని గ్రామీణ మహిళలకు సౌర పరికరాలు బిగించడం, బాగుచేయడం నేర్పింది. ఆఫ్రికా దేశాల నుంచి కూడా నడివయసు తల్లులు వచ్చి నేర్చుకుని వెళ్లారు. వారికి సాధ్యమైన పని మన ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న కుర్రవాళ్లకు, కుట్టు మిషన్ మీద వేలితో కొలత పట్టే మన ఆడబిడ్డలకు సాధ్యం కాదా? గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్లుగా పదేళ్లు పనిచేసి తిరిగివచ్చిన వారు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. ఆ నైపుణ్యం ఊరికి ఉపయోగపడే దారి ఇది.

దానం చేసేవారికి నాలుగు మాటలు

మన సమాజంలో నీటిని దానం చేయడానికి ఉన్నంత విలువ మరో దానికి లేదు. మదీనాలో నీటికి వెల చెల్లించవలసి వచ్చిన రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలిపెట్టిన ఉదంతం మన పిల్లలకూ తెలుసు. చనిపోయిన తల్లిదండ్రుల పేరున బోరు వేయించడాన్ని సదకా జారియాగా, అంటే ఎడతెగని పుణ్యంగా భావిస్తాం. గల్ఫ్ నుంచి డబ్బు పంపి సొంత ఊరిలో బోరు వేయించే సోదరులకు ఈ పత్రిక నమస్కరిస్తున్నది. అయితే ఎడతెగనిది కావాలంటే అది రెండో వేసవికే ఎండిపోరాదు.

అందుకని దాత నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఒకటి, అనుమతి ఉన్నదా? 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి అవసరం, ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపల మరో బోరు వేయరాదు. రెండు, నీటి పరీక్ష ఎవరు చేయిస్తారు? మూడు, ఆరో ఏట ఎవరు చూస్తారు? నాలుగు, ఆ నీరు అందరికీనా, కొందరికేనా? ఈ నాలుగింటికి జవాబు దొరకని చోట కొత్త బోరు కన్నా మూలపడ్డ పాత బోరింగును బాగుచేయించి దానికి సౌర పంపు బిగించడమే మేలు. ఖర్చు తక్కువ, నేలకు కొత్త గాయం ఉండదు. పేరు రాసిన చలువరాయి ఎంత పెద్దదన్నది కాదు, పదేళ్ల తరువాత నల్లాలో నీరు వస్తున్నదా లేదా అన్నదే దానానికి సాక్ష్యం.

మస్జిదు కమిటీలకూ ఒక విన్నపం. రోజుకు అయిదు వేళల్లో ఉజూ చేసిన నీరు ఎక్కడికి పోతున్నదో గమనించండి. అందులో సబ్బు లేదు, మురికి లేదు. అది మురుగు కాలువలో కలవడం వృథా. ఆవరణలోనే ఒక ఇంకుడు గుంత తవ్వి, కప్పు మీది వాన నీటిని కూడా దానిలోకి మళ్లిస్తే ఆ నీరు తిరిగి నేలలోకే చేరుతుంది. తోడుకునే హక్కుతో పాటు నింపే బాధ్యత కూడా ఉన్నది. సౌర పంపుకు కరెంటు బిల్లు రాదు కాబట్టి అవసరానికి మించి తోడే ప్రమాదమూ లేకపోలేదు. ట్యాంకు నిండగానే పంపు ఆగే ఏర్పాటు తప్పనిసరిగా పెట్టించాలి.

నీరు కలిపే చోటు

నాలుగో ప్రశ్న గురించి మరికొంత చెప్పాలి. ఏజెన్సీ మండలాల్లో గోండులు, కొలాములు, లంబాడాలు, ముస్లింలు తరతరాలుగా ఒకే సంతలో కొని, ఒకే వాగు నీరు తాగి బతికారు. 2024 సెప్టెంబరులో జైనూరులో జరిగినది ఆ బతుకును గాయపరిచింది. ఒక ఆదివాసీ మహిళపై జరిగిన అఘాయిత్యం క్షమించరానిది. చట్టం దోషిని శిక్షించాలి. ఆ నేరంతో సంబంధం లేని చిన్న వ్యాపారుల దుకాణాలు, ఇళ్లు మంటల పాలు కావడం కూడా అంతే క్షమించరానిది. అటువంటి గాయాలు శాంతి సంఘాల సమావేశాలతోనే మానవు. రోజూ కలిసి చేసే పని ఏదో ఒకటి ఉండాలి. ఒకే ట్యాంకు, ఒకే నీటి కమిటీ, ఒకే చందా పుస్తకం మనుషులను మళ్లీ పక్కపక్కన కూర్చోబెట్టగలవు.

కుమ్రం భీం పేరుతో ముడిపడిన నినాదంలో జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలున్నాయి. వాటిలో మొదటిది నీరే. గూడేనికి నీరు కావాలని ఆదివాసీ అడిగినప్పుడు మనం అతని పక్కన నిలబడాలి. మన వాడ నల్లా ఎండినప్పుడు అతను మన పక్కన నిలబడతాడు. ముస్లిం డబ్బుతో వేసిన బోరు ముస్లింలకే అన్న ఆలోచన మన ధర్మానికీ విరుద్ధం, మన భద్రతకూ విరుద్ధం. పల్లెల్లో ఒకనాడు దళితుడిని ఊరి బావి గట్టు ఎక్కనివ్వని అన్యాయాన్ని మనం ఖండించాం. మన చేతుల్లోని నల్లా మరొకరికి ఆ గట్టు కారాదు.

అడగవలసినవి, అడిగే పద్ధతి

దానం హక్కుకు ప్రత్యామ్నాయం కాదు. దాతలు బోర్లు వేస్తున్నారు కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోరాదు. మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి.

మొదటిది, నీటి లెక్క పంచాయతీల వారీగా కాక ఆవాసాల వారీగా, వేసవి నెలల్లో తీయాలి. నల్లా ఉన్నదా అని కాదు, గత వారంలో ఎన్ని రోజులు, ఎన్ని గంటలు నీరు వచ్చిందని అడగాలి. రెండోది, గొట్టపు నీరు నిలకడగా అందని ప్రతి గూడేనికి, వాడకు నీటి పరీక్షలో నెగ్గిన బోరు మీద చేతి పంపుతో కూడిన సౌర పంపు మంజూరు చేయాలి. ఏజెన్సీలో ఉట్నూరు ఐటీడీఏ ఈ బాధ్యత తీసుకోవాలి. మూడోది, మైనారిటీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల కోసం 2008లో బహుళ రంగ అభివృద్ధి కార్యక్రమంగా మొదలై 2018లో ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమ్‌గా పేరు మారిన పథకం కింద ఈ జిల్లాల నుంచి మంచినీటి ప్రతిపాదనలు వెళ్లాలి. ప్రతిపాదన పంపనిదే నిధి రాదు. నాలుగోది, గ్రామ నీరు, పారిశుధ్య కమిటీల్లో సగం మంది మహిళలు, బలహీన వర్గాల ప్రతినిధులు ఉండాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కమిటీలో ముస్లిం వాడకు కూడా ఒక గొంతు ఉండేలా గ్రామసభలో తీర్మానం చేయించాలి.

ఇక అడిగే పద్ధతి. ఆవేశంతో రాసిన నాలుగు పేజీల దరఖాస్తు కన్నా వివరాలతో కూడిన ఒక్క పేజీ ఎక్కువ పని చేస్తుంది. ఆవాసం పేరు, పంచాయతీ, మండలం, ఇళ్ల సంఖ్య, జనాభా, నీరు రాని రోజుల తేదీలు, పాత బోరు ఎక్కడున్నది, ఎప్పుడు చెడిపోయింది అన్నవి వరుసగా రాయండి. ప్రతి ఇంటి నుంచి ఒక సంతకం తీసుకోండి, మహిళల సంతకాలు ముందుండనివ్వండి. పక్క గూడెం వారి సంతకాలు కూడా ఉంటే ఇంకా మంచిది. ఒక ప్రతి పంచాయతీకి, మరొకటి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు గాలిలో మాటతో సమానం. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారో అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వవలసిన బాధ్యత అధికారిది. గుమాస్తా ఫైలు కదపడానికి కావలసినది సిఫారసు కన్నా ముందు తేదీ, సంఖ్య, సంతకం ఉన్న కాగితం.

2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, పాత కరీంనగర్ కూడా విడిపోయింది. పరిపాలన ప్రజలకు దగ్గర కావాలన్నదే ఆ విభజన ఉద్దేశమన్నారు. కలెక్టరేట్ దగ్గరైంది, బాగానే ఉన్నది. నీరు కూడా దగ్గర కావాలి. రాబోయే వేసవికి ముందే ప్రతి జమాతు, ప్రతి యువజన సంఘం తమ మండలంలో నీరందని ఆవాసాల జాబితాను కులమత భేదం లేకుండా తయారు చేయాలని ఈ పత్రిక కోరుతున్నది. ఆ జాబితాలను మాకు పంపండి, ప్రచురిస్తాం. ప్రచురించి ఊరుకోం, అధికారుల ముందుంచి వచ్చిన జవాబును కూడా ప్రచురిస్తాం. ఎండ ఎవరి మతమూ అడగకుండా అందరి ఇళ్ల మీదా సమానంగా కాస్తున్నది. ఆ ఎండ తోడి ఇచ్చే నీరు కూడా అంతే సమానంగా అందరి బిందెల్లోకీ చేరాలి. అప్పటి వరకు అడుగుతూనే ఉందాం.